కుడితి గోలెం లాంటి సముద్రం

వాల్తేరు, 12-2-1963

చెల్లె మనోరమకు, నేను క్షేమం. ఇది అమ్మకు చదివి వినిపించు.

నా ఉద్యోగం పోయిందని, ఇక్కడికి వచ్చిపోయిన షబ్బీర్ తాండూరంతా చెప్పాడట, నమ్మకండి. ప్రయోగానికి చక్కెర కలిపిన సముద్రపు నీరు సీసాడు మిగిలితే, పారబోయడానికి చెయ్యి రాక దాచాను. మూడోనాడు కొలతకు అదే ఇచ్చాను. అందులో చక్కెరే లేదు! కలపకుండానే కలిపానన్నానని మా ప్రయోగశాల సారు మండిపడి, "రేపటి నుంచి రాకు" అన్నారు. "నా చేతులతోని కలిపిన సార్" అని ఏడ్చినంత పని చేశాను. అప్పుడాయన కాచిన నీళ్ళలో, పచ్చి నీళ్ళలో మళ్ళీ చక్కెర కలిపించి చూశారు. కాచినదాంట్లో అలాగే ఉంది, పచ్చిదాంట్లో మాయం! కంటికి కనబడని జీవులు తినేశాయి. సముద్రంలో నాచు విడిచే రవ్వంత తీపిని కూడా అవి వదలవట; వాటిని తిన్న పురుగులే చేపలకు మేతట. ఎంత పొదుపు!

"మా అమ్మ కుడితి గోలెం గిట్లనే సార్. బియ్యం కడిగిన నీళ్ళు సుత పారబొయ్యనియ్యదు, అవే బర్రెకు పాలైతయి" అన్నాను. సారు ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నారు.

బర్రె ఈనిందా? ఎవరైనా ఇటు వస్తే ఇంత కందిపప్పు పంపండి. అమ్మకు దండాలు. తను ఏమీ తెలియనిదాన్నని ఇక అనొద్దని చెప్పు.

మీ మాణిక్యప్ప