నా మెడ, అత్త హారం

ఆదివారం, రాత్రి

ఈ రోజు ధర్మపురి నగల కొట్టులో వీరమరణానికి సిద్ధపడ్డాను. నా పెళ్లికి నేను కోరుకున్నవి ఒక సన్నగొలుసు, రాయి లేని ఉంగరం. కాబోయే అత్త ఎంచినది బొడ్డుదాకా వేలాడే లక్ష్మీహారం. అది వేసుకుంటే నేను పెళ్లికూతురిలా కాదు, ఊరేగింపుకు బయలుదేరిన ఉత్సవ విగ్రహంలా ఉంటాను.

"ముహూర్తానికి మెడ బోసిగా ఉంటే పాలకోడు చుట్టాలంతా ఏమంటారు పాపా?" అన్నది అత్త.

"మెడ నాది కదత్తా, వాళ్లనేం మోయమనలేదే!" అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది.

కొట్టులో రహస్యాలన్నీ తెలుగులో చెప్పుకోవడం మావాళ్ల అలవాటు. తమిళనాడు కదా, అమ్మేవాళ్లకు తమిళమే వచ్చునని ధీమా. అత్త అమ్మవైపు వంగి, "నా పెండ్లికి పసుపుతాడు తప్ప ఏమీ లేకపోయె వదినా. అందుకే ఈ హారం మీద ఇంత ఆశ" అన్నది.

"అట్లయితే మీరే వేసుకుని చూడండమ్మా" అన్నాడు సేల్స్‌మన్, చక్కటి తెలుగులో. "మేమూ తెలుగోళ్లమే."

అత్త తల వంచుకుంది. నేనే లేచి హారం ఆమె మెడలో వేశాను. అద్దం ముందునుంచి ఆమె చాలాసేపు కదలలేదు.

హారం కొన్నారు, నా పేరునే. కొననీ. ముహూర్తం నాడు నాకు సన్నగొలుసే. పీటల మీద కూర్చునే ముందు ఆ హారం అత్తకు నా చేతులతోనే పెడతాను. ఆమె వద్దంటుందేమో, అమ్మ ఏడుస్తుందేమో... ఏడవనీ. చుట్టాల్లో ఎవరైనా నోరెత్తితే, ముందు మా అత్తను చూసి రమ్మంటాను.