సాహితి తాగుతున్న మరువం కషాయం

అత్తయ్యగారికి,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాదండి. మీ మరువం కుండీ ఇంకా పచ్చగానే ఉంది.

డిగ్రీలో చేరినప్పటి నుంచి మీ మనవరాలు సాహితికి నెలసరి సరిగా రావడం లేదు. ఏలూరులో స్కాన్ తీసి, హార్మోన్ల తేడా, పీసీఓఎస్ అని మాత్రలు రాశారు. సాహితి మాత్రం "నానమ్మ కడుపునొప్పికిచ్చే మరువం కషాయం చాలమ్మా" అని మొండికేసింది. నాకు భయమేసి, మళ్లీ డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లాను.

ఆవిడ నవ్వలేదండి. "మరువం టీ మీద పరిశోధనలు జరిగాయండి. ఫలితాలు బాగానే కనిపించాయి గానీ, చూసింది కొద్దిమందినే. మందుకి బదులు వాడొచ్చనేంత రుజువు లేదండి. పల్చగా కాచి తాగనివ్వండి, మాత్రలు మాత్రం ఆపొద్దు," అన్నారు.

అప్పటి నుంచి రెండూ వాడుతోంది. పొద్దున్నే చేపల చెరువు గట్టు మీద నడుస్తోంది కూడా. ఇప్పుడు నెలసరి వేళకే వస్తోంది. మాత్రల వల్లేనని నేననుకుంటున్నాను. మీరైతే ఒప్పుకునేవారు కాదు.

ఇందాక కాలేజీకి వెళ్తూ సాహితి గుమ్మంలో ఆగి, "నానమ్మ ఉంటే, నెలసరి వేళకొస్తోందన్న మాట ముందు తనకే చెప్పేదాన్నమ్మా," అంది.

అందుకే నేను చెబుతున్నానండి.

మీ కోడలు