వాడు పడని ఆట

బాబూ,

మావాడితో కలిసి ఆటలు తయారుచేసిన నీకు వాళ్ళమ్మ రాస్తున్నది. నువ్వు పంపిన ఆటా, వాడి కంప్యూటర్‌లో ఉన్న, ఎవరెవరో చేసిన మిగతావీ అన్నీ ఆడాను. ఎలా ఉన్నాయో చెప్పమన్నావు కాబట్టి దాచుకోకుండా చెబుతున్నాను.

ఒకదాంట్లో ఇల్లు తుడవాలి. పొద్దంతా హాస్టల్‌లో అంట్లు తోమి వచ్చి, మళ్ళీ బొమ్మ ఇల్లు తుడవడానికి నాకేం ఖర్మ? ఇంకోదాంట్లో గొయ్యి తీసి శవాన్ని పూడిస్తే చప్పట్లు కొడతారు. ఛీ! అది చేసినవాడు తనవాళ్ళనెవరినీ పూడ్చి ఉండడు. చేపలు పట్టేది కాస్త నయం గానీ, దాని పాటకు తలనొప్పి వచ్చింది.

ఇక నీ ఆట. మావాడి మొహం, వాడి చారల చొక్కా పెట్టావు. నవ్వు కూడా వాడిదే. అంతవరకు నీకు దణ్ణం. కానీ వాడిచేత ఒక మేడ పిట్టగోడ మీంచి ఇంకో మేడకు దూకించడమేమిటి నాయనా? దుకాణం బోర్డు బిగిస్తూ మూడో అంతస్తు నుంచి జారిపడి చచ్చిపోయాడని నీకు తెలియదా? నా వేళ్ళు మొద్దువి. సరైన మీట వెతికేలోపు పడిపోతాడు. పడ్డ ప్రతిసారీ లేచి నవ్వుతాడు. ముప్పైసార్లు నా చేత్తో పడేశాను. ఇక చాలని కంప్యూటర్ కట్టేశాను.

దాన్ని అందరికీ ఇవ్వడానికి నన్ను సరే అనమన్నావు. ఇలాగైతే అనను. ఒక్కటి మార్చు. నాకు ఫోన్ నేర్పేటప్పుడు "అది కాదమ్మా, పక్కది" అని విసుక్కునేవాడు. ఆ గొంతు నా పాత ఫోన్‌లో ఉంది, పంపుతాను. నేను తప్పు మీట నొక్కితే వాడు పడకూడదు. ఆ గోడ మీదే కూర్చుని ఆ మాట అనాలి. నేను నేర్చుకునేదాకా అక్కడే కూర్చోవాలి.

వాళ్ళమ్మ