తుపాకి ఇంట్లో లేని రోజులు

ఏప్రిల్ 3
ఎలక్షన్లని తుపాకి ఆళ్లగడ్డ స్టేషన్‌కు పోయింది. లైసెన్సు ఉన్నవాళ్లంతా అప్పజెప్పాలట. మా ఆయనే జీపులో తీసుకుపోయాడు. పడకగది గోడకు రెండు మేకులు మిగిలాయి. మధ్యాహ్నం వాటినే చూస్తూ పడుకున్నాను. నిద్ర పట్టింది! పట్టపగలు, తలుపు గడియ పెట్టకుండా.

ఏప్రిల్ 11
బొరుగుల ఉగ్గానిలో ఉప్పు తక్కువైందని తింటున్న తట్ట విసిరాడు. "ఉప్పడిగితే ఇస్తా గదా, తట్టేం పాపం చేసింది?" అన్నాను. అన్నది నేనేనా! ఆయన చూపు అలవాటుగా గోడ మీదికి పోయింది. అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇంతేనా... నా గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుంది?

ఏప్రిల్ 12
కానీ తుపాకి తిరిగొస్తుంది.

ఏప్రిల్ 20
పోయిన దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజ. మామ పోయాక ఈయన పేరు మీదికి వచ్చిన తుపాకి. గొట్టానికి పసుపు రాసి కుంకుమ పెట్టింది నేనే, దండం పెట్టిందీ నేనే. ఆ సాయంత్రమే — అక్కతో ఫోన్లో ఏం మాట్లాడినావని అడుగుతూ — అదే గొట్టం నా గొంతుకు ఆనించాడు. మెడంతా కుంకుమ. అత్త వచ్చి కొంగుతో తుడిచింది. ఒక్క మాట అనలేదు. కొడుకంటే భయమేమో అనుకున్నాను.

మే 16
పక్క ఊళ్లో ఒకడు పెళ్లాన్ని కాల్చి చంపాడు. కూర దగ్గర మాటా మాటా. లైసెన్సు లేని నాటు తుపాకి, అటక మీద ఉండేదట. "కోపంలో చేసినాడు, మంచోడే పాపం" అంటోంది ఎదురింటామె. అత్త రొట్టె తడుతూనే అంది: "కోపం అందరికీ వస్తాది. కట్టె దొరికింటే కట్టెతో కొట్టుండేవాడు. ఆ పిల్ల బతికుండేది."
పెనం మీద రొట్టె మాడిపోయింది. ఇద్దరం చూడలేదు.

జూన్ 7
ఫలితాలు వచ్చేశాయి. "ఇంగ తుపాకి తెచ్చుకోవాల" అంటున్నాడు, పండగ చెప్పినట్టు.

జూన్ 10
అత్త! పోలీసును చూస్తే పక్కకు తప్పుకునే మనిషి, ఒక్కతే బస్సెక్కి స్టేషన్‌కు పోయి వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి చెప్పింది: "నా కొడుక్కు తుపాకి ఇయ్యొద్దు సార్ అని చెప్పొచ్చినా."
ప్రాణరక్షణ కోసమని ఇచ్చిన లైసెన్సమ్మా అన్నాడట ఇన్‌స్పెక్టరు. "ఎవరి పానం సార్? నా కోడలిది పానం గాదా?" అందట.
కంచే చేను మేస్తోందని నేను ఇన్నేళ్లూ లోపల్లోపలే గొణుక్కున్నాను. ఈమె నిలబడి చెప్పొచ్చింది. కాళ్లకు మొక్కబోతే "సాల్లే మే" అని కసిరింది.
లైసెన్సు రద్దు చెయ్యాల్సింది నంద్యాల కలెక్టరాఫీసట. అంతవరకూ తుపాకి ఇవ్వరు. అక్కడ నేనూ నోరు విప్పాలంట... ఆయన ముందరే.

జూన్ 13
ఆయనకూ కబురందింది. కొట్టలేదు. గడప మీద కూర్చుని, "ఊర్లో నేను తలెత్తుకుని యెట్ల తిరగాల? నన్ను నమ్మవా మా?"
"నమ్మను నాయనా. నిన్ను కన్నది నేనే."
అని, అత్త వంటింట్లోకి వచ్చి ఏడ్చింది. ఎంత పెద్ద మాట. ఏ తల్లి అనగలదు! పక్కన కూర్చున్నాను.

జూన్ 19
ఈరోజే నంద్యాల కలెక్టరాఫీసులో విచారణ. ఏం చెప్పాలో రాసుకుందామంటే ఒక్క ముక్కా రావడం లేదు. గొంతుకు ఆనించాడు అంటే చాలా? ఎందుకూ అని అడిగితే?
జీపు చప్పుడు. "బస్సెందుకు? నేనూ ఆడికే గదా పోతాండేది. ఎక్కండి."
అత్త వెనక్కి చూడకుండా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "రా మే" అని పిలుస్తోంది. ఆయన అద్దంలోంచి నా కిటికీ వైపే చూస్తున్నాడు. నవ్వో, కోపమో... తెలియడం లేదు.
తుపాకి ఇంకా స్టేషన్లోనే ఉంది. ఎక్కుతాను.