సర్పంచ్ గారి వీపు

మంగళవారం, దేవరకొండ

శిల్పకళలో పట్టా పుచ్చుకున్న మహాశిల్పిని, ఇవాళ ఓడిపోయాను. చనిపోయిన సర్పంచ్ గారి విగ్రహం చేస్తున్నాను. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రేపు మట్టి నమూనాకు అచ్చు తీసి, తర్వాత కంచు పోస్తాం. కొడుకుతో కలిసి ఆయన భార్య వచ్చింది. విగ్రహం ముఖం చూడనేలేదు, నేరుగా దాని వెనక్కి వెళ్లింది.

"నలభై ఏండ్లు ఆయన ఎనకనే నడిచిన బిడ్డా. గీ ఈపు ఆయనది కాదు."

"ఎనకకెల్లి ఎవలు చూస్తరే అమ్మా?" అన్నాడు కొడుకు.

"నేను చూస్త గద!"

ఫొటోలో వీపు లేక, అద్దంలో మెడ తిప్పి చూసుకుని నాదే పెట్టాను. ఆ పరమ రహస్యం ఆమెకెలా చెప్పను? ఆమె అరచేత్తో కుడి భుజాన్ని కిందికి నొక్కింది. ఒక్కసారిగా సర్పంచ్ వచ్చి నిలబడ్డాడు.

మట్టిలో ఆమె అరచేయి అచ్చుపడింది. తెల్లారేలోపు నునుపు చేయాలి. రెండుసార్లు లేచి వెళ్లి, చేతులు రాక తిరిగొచ్చాను.