పురాణం ముందు కుర్చీ

మహేంద్రమంగళం, 12-6-1984

ప్రియమైన చెల్లెలు పంచవర్ణానికి,

హరూర్‌లో నర్సువి కదా, దీనికి జవాబు చెప్పు. పోయిన నెల ఒక శనివారం పురాణం ముగించి నేను గ్రంథం ఎత్తగానే ఊరంతా లేచింది. మీ వదిన మాత్రం లేవలేదు! "దేవుడి ముందు ఇంత గర్వమా?" అని అందరి ఎదుటా అడిగినాను. అప్పటినుంచి పురాణానికి రాదు. మోకాలు నొప్పంట. నా భార్యే రాకపోతే నా మాట ఎవరు వింటారు? సూది ఏదైనా ఉంటే రాయి.

ఆశీస్సులతో,
అన్న నంజప్ప

హరూర్, 20-6-1984

ప్రియమైన అన్నకు,

వదినది గర్వం కాదు, కీలు అరుగుదల. ఎముకల నడుమ మెత్తటి పొర అరిగింది. దాన్ని మళ్ళీ మొలిపించే సూది లేదు, నొప్పిని అదుపులో పెట్టవచ్చు. నేల మీద కూర్చోనీయకు. రెండు పూటలా వేడినీళ్ళ కాపడం పెట్టు. కుర్చీలో కూర్చుని కాలు చాచి, ఐదు లెక్కపెట్టి దించమను, పూటకు పదిసార్లు. కర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. పురాణంలోనూ కుర్చీ వేయి.

నమస్కారాలతో,
పంచవర్ణం

మహేంద్రమంగళం, 15-7-1984

ప్రియమైన చెల్లికి,

కుర్చీయా! గ్రంథమేమో కింద పీట మీద, మీ వదినేమో పైన కుర్చీలోనా? నా గొంతులో ప్రాణముండగా జరగదు. దేహం నశించేదని శాస్త్రం ఘోషిస్తుంటే నువ్వు మోకాలికి సింహాసనం వేయమంటావు! నేనే వైద్యం చేసినాను. మూడు వారాలు మంచం దిగనీయలేదు. ఇప్పుడు గడప దాటలేకున్నది. ఇదేనా నీ నర్సు చదువు?

నంజప్ప

హరూర్, 24-7-1984

అన్నా,

మంచాన పెట్టమని నేనెప్పుడు రాసినాను? కదలకుంటే తొడ కండ చిక్కి, భారమంతా మోకాలి మీదే పడుతుంది. రోజూ మెల్లగా నడిపించు. ఆసనం మరీ ఎత్తూ, మరీ పల్లమూ కాకూడదని శాస్త్రంలో ఉందని నాకు నేర్పింది నువ్వే. నొప్పితో లేవలేని మనిషిని పదిమందిలో గర్విష్టి అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నా ఉత్తరం రాదు.

పంచవర్ణం

మహేంద్రమంగళం, 21-8-1984

ప్రియమైన చెల్లెలికి,

పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకున్నాను. బడి బెంచీ తెప్పించి, గ్రంథాన్ని బల్ల ఎక్కించినాను. అది మీ వదినకని నేను చెప్పేలోగా మన వీధి పూంగావనం, మాదప్పన్ తల్లి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు బెంచీ నిండా కూర్చున్నారు! అందరివీ మోకాళ్ళేనంట. నా అరుపులకు జడిసి ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు. నువ్వు రాసినట్టు రోజూ నడిచి, కర్ర పట్టుకుని వచ్చిన మీ వదినకు చోటే లేదు. నా స్టూలు ఆమెకిచ్చి, రెండు గంటలు నిలబడి చెప్పినాను.

ఇంటికొచ్చి "ఎట్లుండె?" అని అడిగినాను.

"ఆరేళ్ళుగా నా ధ్యాసంతా మోకాలి మీదనే. ఈ పొద్దే మీ పురాణం విన్నాను," అన్నది. "అవునూ, మీరు చెప్పే దేవుడు ఇంత కోపిష్టోడా?"

శనివారం దగ్గరికొస్తున్నది. గ్రంథం మొదటి పుట నుంచి మళ్ళీ చదువుతున్నాను.

నీ అన్న