కుమాసీ మామయ్య ఎడమ చెయ్యి

డకార్

మామయ్యకి సెర్వా నమస్కారాలు పెట్టి రాసేది,

బబాకర్‌ని చేసుకోవాలంటే నీ నోట ఔనన్న మాట రావాలి. మనలో తండ్రి కాదుగా, మేనమామ ఒప్పుకుంటేనే పెళ్ళి. అందుకని నువ్వే వచ్చి చూసుకో. నేను పాఠాలు చెప్పే బళ్ళో పరీక్షలు, డకార్ వదిలి కదల్లేను. నువ్వు తిన్నగా సెయింట్ లూయీ వెళ్ళి బబాకర్ మేనత్త అరామ్ గారింట్లో దిగు. భర్త పోయిన మనిషి, ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. బబాకర్‌కి ఇంగ్లీషు వచ్చు, ఇద్దరి మధ్యా మాటలు అందిస్తాడు.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు జేబులో ఉంచుకో, లేకపోతే విమానం దిగిన చోటే ఆపేస్తారు. డబ్బు బ్యాంకులోనే మార్చు. టాక్సీ ఎక్కకముందే బేరం తేల్చుకో. అందరూ ఒకే పళ్ళెంలో తింటారు, నీ ముందున్నదే తిను. ఎడమ చెయ్యి చాచడం మన దగ్గరలాగే ఇక్కడా తప్పు.

ఇట్లు, నీ ఔను కోసం చూసే
సెర్వా

తా.క. ఎవర్నీ అనుమానించకు. కనీసం మొదటి రోజు.

సెయింట్ లూయీ

సెర్వాను ఆశీర్వదించి మామయ్య రాసేదేమంటే,

క్షేమంగా చేరాను. క్షేమం అక్కడితో సరి.

జీవితమంతా కోకో గింజలు కొంటూ బస్తాల్లో రాళ్ళు వెతికినవాణ్ణి, నాకా తెలీనిది? గుమ్మంలో కాలు పెట్టానో లేదో, ఆవిడ అడగడం మొదలెట్టింది. ఇల్లెలా ఉంది, పొలమెలా ఉంది, భార్యెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు. పోలీసులైనా ముందు కూర్చోమంటారు. ఆస్తి కూపీ లాగుతోందని పసిగట్టేశాను. ఇల్లు లేదన్నాను. పొలం లేదన్నాను. ఆ ఊపులో భార్య కూడా లేదన్నాను. నీ బబాకర్ తెల్లబోయాడు గాని, పెద్దవాడి మాటని అలాగే అందించాడు. ఆవిడ "అయ్యో" అని చాలాసేపు నా వంకే చూసింది.

భోజనం దగ్గర ఇంకా ఘోరం. చేప ముక్కలన్నీ తుంచి తుంచి నా వైపే తోస్తుంది, తను మాత్రం ముట్టదు. ఏం కలిపిందో ఎవరికి తెలుసు? ఒట్టి అన్నం తిని లేచాను.

ఇట్లు, ఇంకా బతికే ఉన్న
మామయ్య

తా.క. చేప వాసన మాత్రం చంపేసింది.

డకార్

మామయ్యా, దండం పెట్టి రాస్తున్నాను,

ఇక్కడ ఎవరెదురైనా అలాగే అడుగుతారు. "అంతా శాంతి" అంటే చాలు, లెక్కలు ఎవరికీ అక్కర్లేదు. మంచి ముక్కలు అతిథి వైపు తోయడం ఇంటావిడ మర్యాద. నువ్వు ముట్టలేదని ఆవిడ రోజంతా ఉసూరుమంటూ కూర్చుందట. ఈసారి చేప తిను. టీ మూడు గ్లాసులిస్తారు, మూడోది తాగకుండా లేవకు. భార్య లేదన్న మాట ముందు సరిచెయ్యి.

నీ వల్ల నిద్ర పట్టని
సెర్వా

తా.క. ఆ మాట అత్తయ్య చెవిన పడిందా, నీకు ఏ టీకా పనిచెయ్యదు.

కుమాసీ

సెర్వాకి మామయ్య కోపంతో రాసేది,

ఈ పెళ్ళి జరగదు.

నువ్వు రాశావని చేప తిన్నాను. రెండోసారి అడిగి మరీ తిన్నాను. మూడు గ్లాసుల టీ తాగాను. నిజం చెప్పొద్దూ, ఔననేద్దామనే అనుకున్నాను. తిరిగొచ్చే రోజు ఆవిడే స్వయంగా బస్టాండుకి వచ్చింది. వచ్చి, పదిమంది చూస్తుండగా నాకు ఎడమ చెయ్యి చాచింది. నాకు! కుక్కకైనా మనం కుడి చేత్తో వేస్తామే! ఒళ్ళు మండిపోయింది. నేనూరుకుంటానా? నేనూ ఎడమ చెయ్యే ఇచ్చాను, గట్టిగా నొక్కి మరీ ఇచ్చాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తగలాల్సిన చోటే తగిలిందనుకుని బస్సెక్కాను. నీ బబాకర్ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. వాడూ, వాడి నవ్వూ.

ఇట్లు, పరువు పోయి, మళ్ళీ దక్కించుకున్న
మామయ్య

తా.క. భార్య సంగతి చెప్పడానికి సందు దొరకలేదు.

డకార్

మామయ్యకి సెర్వా నవ్వాపుకుని రాసేది,

మొదటి వాక్యం చదివి ఏడ్చాను. చివరికొచ్చేసరికి నవ్వలేక చచ్చాను. ఎడమ చెయ్యి తప్పని రాశానే గాని, ఎప్పుడు మర్యాదో రాయడం మర్చిపోయాను. దూరం వెళ్ళే మనిషి తమకి కావలసినవాడైతే, ఇక్కడ ఎడమ చెయ్యే ఇస్తారు. కావాలనే తప్పు చేసి పంపుతారన్నమాట. అది దిద్దుకోవాలంటే మళ్ళీ కలవాలి, కుడి చెయ్యి ఇచ్చుకోవాలి. మళ్ళీ చూడక్కర్లేనివాళ్ళకే కుడి చెయ్యి.

ఆవిడ ఇచ్చింది, నువ్వూ ఇచ్చావు. అదీ నొక్కి మరీ. మేనమామ మళ్ళీ వస్తానని మాటిచ్చాడు, పెళ్ళికి ఒప్పుకున్నట్టేనని వీధంతా చెప్పుకుంది. పరీక్షలు అవగానే పెళ్ళట. నువ్వు కాదంటే ఆగిపోతాను మామయ్యా, నీ మాట దాటను. కానీ వచ్చి ఆ కుడి చెయ్యేదో ఇచ్చి వెళ్ళు.

ఇట్లు, నీ
సెర్వా

తా.క. అత్తయ్యని తప్పకుండా వెంటబెట్టుకు రా. పెద్దవాడి మాట అబద్ధమని ఎలా అంటానని బబాకర్ ఇంకా నోరు విప్పట్లేదు. అరామ్ గారు ఇంటికి సున్నం వేయించి, కొత్త బట్టలు కుట్టించుకుంటోంది. పెళ్ళి విందుకి గొర్రెలెన్ని తేవాలని వాడు అడిగితే, రెండు పెళ్ళిళ్ళకి సరిపడా తెమ్మందట.